సీజన్ ముగిసేలోపు సముద్రతీర నగరానికి: ఏ వారం వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, ఏది ముందు చూడాలి

ఆగస్టు రద్దీ తగ్గాక, చలి మొదలయ్యేలోపు, అంటే సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు చివరి దాకా ఐరోపా తీర నగరాల్లో తిరగడానికి మంచి సమయం. ఎండ చురుక్కుమనదు. బీచ్‌లో తువ్వాలు పరుచుకోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఊరి జనం కూడా కాస్త ఊపిరి పీల్చుకుని మనతో నాలుగు మాటలు మాట్లాడే తీరికలో ఉంటారు. ట్రావెల్ ఏజెన్సీల వాళ్లు దీన్నే షోల్డర్ సీజన్ అంటారు.

ఈ సమయంలో వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువగా వాతావరణం గురించే కంగారు పడతారు. నా లెక్కలో అది రెండో సంగతి. తీరా వెళ్లేసరికి దీవికి పడవలు ఆగిపోయి ఉంటాయి, లైఫ్‌గార్డుల డ్యూటీ ముగిసిపోయి ఉంటుంది, హోటల్ ఉన్న వీధిలో సగం షట్టర్లు దించేసి ఉంటాయి. ట్రిప్పు చప్పబడేది ఇలాంటి చోటే. రిసార్టు నగరం ఒక్కరోజులో మూతపడదు, వరసగా ఒక్కొక్కటీ మూసుకుంటూ పోతుంది. ఆ వరస తెలుసుకుని ప్లాన్ చేసుకోవాలి.

1. ముందు వారం ఖాయం చేసుకోండి, ఊరు తర్వాత

చాలామంది ఊరు ఎంచుకుని తర్వాత సెలవు చూసుకుంటారు. ఈ సీజన్‌లో దాన్ని తిరగేయండి. మీకు సెలవు దొరికేది సెప్టెంబరులోనా, అక్టోబరు చివర్లోనా అన్నదాన్ని బట్టే ఏ సముద్రానికి వెళ్లాలో తేలుతుంది.

నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, ఆలస్యంగానే చల్లారుతాయి. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే, అంతే పరిమాణం గాలికి పట్టే వేడి కంటే మూడు వేల రెట్లకు పైగా కావాలి. అందుకే జూన్‌లో ఎండ మాడ్చేస్తున్నా సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది, అక్టోబరులో గాలి చల్లబడినా నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. టర్కీలోని అంటాల్యా దగ్గర అక్టోబరులో సముద్రం సుమారు 25 డిగ్రీలుంటుంది, అదే మే నెలలో 21 చుట్టూ. ఫ్రాన్స్‌లోని నీస్‌లో అక్టోబరుకు 20 చుట్టూ ఉండే నీళ్లు మేలో 17 దగ్గరే ఉంటాయి. ఈత కోసమే వెళ్లేవాళ్లకు వసంతం కంటే ఈ కాలమే మేలు.

అన్ని సముద్రాలూ ఒకేలా చల్లారవు. నల్లసముద్రం త్వరగా చల్లబడుతుంది. బల్గేరియాలోని వర్నాలో సెప్టెంబరులో 22 దాకా ఉండే నీళ్లు అక్టోబరు సాగేకొద్దీ 17, 18కి దిగిపోతాయి. కాబట్టి నేనైతే ఇలా పంచుతాను: సెప్టెంబరు రెండో సగం దొరికితే నల్లసముద్రం గానీ, స్పెయిన్ ఉత్తర తీరంలోని సాన్ సెబాస్టియన్ లాంటి అట్లాంటిక్ ఊళ్లు గానీ. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు పదో తేదీ దాకా అయితే పశ్చిమ మధ్యధరా, అంటే బార్సిలోనా, నీస్ వైపు. అక్టోబరు చివర్లో మాత్రమే కుదిరితే తూర్పుకు, దక్షిణానికి జరగండి: క్రీట్, సైప్రస్, అంటాల్యా.

తర్వాత చూడాల్సింది వెలుతురు. సెప్టెంబరు చివర్లో ఈ అక్షాంశాల్లో పగలు రోజుకు దాదాపు మూడు నిమిషాల చొప్పున తగ్గుతుంది. వారం రోజుల్లోనే ఇరవై నిమిషాలు పోతాయి. పైగా యూరోపియన్ యూనియన్ దేశాల్లో అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. నీస్‌లో సెప్టెంబరు 20న సాయంత్రం ఏడున్నర చుట్టూ పొద్దుగూకితే, అక్టోబరు 31న ఐదున్నర కూడా కాకముందే సూర్యుడు దిగిపోతాడు. టర్కీలో 2016 నుంచి గడియారం మార్చడం మానేశారు కాబట్టి ఆ గంట అక్కడ పోదు.

ఆ చివరి ఆదివారానికి ఇంకో ప్రాముఖ్యం ఉంది. విమానయాన సంస్థల వేసవి టైమ్‌టేబుల్ ముగిసి శీతాకాలపుది మొదలయ్యేది ఆ రోజే. వేసవి కోసమే వేసిన డైరెక్ట్ విమానాలు చాలావరకు అంతకుముందే ఆగిపోతాయి. వెళ్లేటప్పుడు డైరెక్ట్, వచ్చేటప్పుడు రెండు చోట్ల మారడం లాంటివి రాకుండా, తిరుగు ప్రయాణం ఆ ఆదివారానికి ముందే ఉండేలా చూసుకోండి.

తేదీలు దాదాపు ఖాయమయ్యాక ఆ వారంలో ఊళ్లో ఏముందో వెతకండి. రద్దీ లేదనుకుని వెళ్తే గదులే దొరకని వారాలు ఉంటాయి. సాన్ సెబాస్టియన్ సినిమా పండుగ సెప్టెంబరులోనే జరుగుతుంది. మొనాకోలో యాట్ షో (విలాస పడవల ప్రదర్శన) కూడా సెప్టెంబరు చివర్లోనే, ఆ రోజుల్లో దాని ప్రభావం చుట్టుపక్కల ఊళ్ల హోటళ్ల మీదా పడుతుంది. సెప్టెంబరు 24 చుట్టూ బార్సిలోనా మొత్తం లా మెర్సే ఉత్సవంలో ఉంటుంది. ఫ్రాన్స్‌లో అక్టోబరు రెండో సగంలో రెండు వారాల బడి సెలవులు, జర్మనీలో రాష్ట్రాన్ని బట్టి అక్టోబరులో శరత్కాల సెలవులు వస్తాయి. అంటాల్యా వైపు పిల్లాపాపలతో కుటుంబాలు దిగే సమయం అది. ప్రశాంతత కోసం వెళ్తున్నవాళ్లు ఈ సెలవుల తేదీలు తప్పక చూసుకోవాలి.

ఇదంతా ఐరోపా సంగతి. కరీబియన్, ఫ్లోరిడాల్లో ఇదే సమయంలో గదులు చవగ్గా కనిపిస్తే తొందరపడొద్దు. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, దాని ఉధృతి సెప్టెంబరు 10 చుట్టూ. దక్షిణార్ధ గోళంలో శరత్తు మార్చి నుంచి మే దాకా అన్నదీ గుర్తుపెట్టుకోండి.

2. జనం కాపురముండే ఊరు ఎంచుకోండి

ఈ కాలంలో అన్నిటికంటే నమ్మకమైన సూత్రం ఇదే. టూరిస్టుల కోసమే కట్టిన చోట టూరిస్టులు వెళ్లగానే అన్నీ మూతపడతాయి. బడులు, ఆసుపత్రులు, ఆఫీసులు ఉన్న నగరంలో బేకరీ మూయరు, సిటీ బస్సు ఆపరు.

బల్గేరియాలో సన్నీ బీచ్‌ని 1950ల చివర్లో కేవలం వేసవి విడిది కోసమే కట్టారు. అక్టోబరు వచ్చేసరికి అక్కడ హోటళ్లు చాలావరకు తాళాలు వేసుకుంటాయి. అదే తీరంలో కాస్త ఉత్తరాన ఉన్న వర్నా లక్షల జనాభా గల నగరం, ఏడాదంతా నడుస్తూనే ఉంటుంది. ఇటలీలోని రిమినీలో ఈ రెండూ ఒకే ఊళ్లో కనిపిస్తాయి. రైలు పట్టాలకు సముద్రం వైపు వరసగా వేసవి హోటళ్లు, అటువైపు రెండు వేల ఏళ్ల నాటి రోమన్ తోరణం, వంతెన ఉన్న పాత ఊరు. సీజన్ చివర్లో వెళ్తే పట్టాలకు అటువైపు, పాత ఊళ్లో దిగండి. సముద్రం దాకా నడిచి వెళ్లొచ్చు. సాయంత్రం తిరిగొచ్చేది మాత్రం దీపాలు వెలుగుతున్న వీధుల్లోకి.

నీస్ కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అసలు ఆ ఊరు పెరిగిందే చలికాలం కోసం. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్, రష్యన్ ధనికులు చలి తప్పించుకోవడానికి అక్కడికి వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవాళ్లు. సముద్రం వెంబడి ఏడు కిలోమీటర్లు సాగే ప్రొమెనాడ్ దెజాంగ్లే నడకదారి మొదలైంది 1820ల్లో, అలా వచ్చిన ఇంగ్లిష్ వాళ్ల పుణ్యాన. వేసవిలో ఈత కోసం రావడమనేది 1920ల తర్వాత పెరిగిన అలవాటు. 2021లో యునెస్కో ఆ నగరాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా శీతాకాలపు విడిది పట్టణంగానే. ఇలాంటి ఊళ్లో అక్టోబరు ఖాళీగా అనిపించదు. మీరు చూస్తున్న ఊరికి కూడా ఇలాంటి గతం ఉందేమో కాస్త చదవండి. పాత ఒపేరా హౌస్, పెద్ద తోటలు, నడకదారులు ఉన్నాయంటే ఉందనే అర్థం.

ఏ ఊరికైనా పనికొచ్చే చిన్న పరీక్ష: మ్యాప్‌లో మీరు దిగబోయే వీధి చుట్టూ ఉన్న హోటళ్లు, రెస్టారెంట్ల రివ్యూలు తెరిచి, నిరుడు అక్టోబరులో రాసినవి మాత్రమే చదవండి. ఆ నెలలో ఫొటోలు, రివ్యూలు ఏవీ లేకపోతే అవి అప్పటికే మూసేసినట్టు. నిరుడు ఇదే వారంలో జనం ఏం తొడుక్కున్నారో కూడా ఫొటోల్లో తెలిసిపోతుంది.

3. గది: ఎండ ఎటు పడుతుందో అడగండి

వేసవిలో నీడ కోసం వెతికే మనం శరత్తులో ఎండ కోసం వెతకాలి. నీస్ అక్షాంశంలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 70 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అక్టోబరు చివర్లో 32 డిగ్రీలే. అంటే 20 మీటర్ల ఎత్తున్న భవనం నీడ జూన్ మధ్యాహ్నం 7 మీటర్లుంటే, అక్టోబరు చివర్లో 32 మీటర్లు సాగుతుంది. ఇరుకు సందులో కింది అంతస్తు గదికి ఇక రోజంతా ఎండే తగలదు. తడి స్విమ్‌సూట్ మర్నాటికీ ఆరదు. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం వైపు బాల్కనీ ఉన్న గది అడగండి. నైరుతి అయితే ఇంకా మంచిది, సాయంత్రం దాకా ఎండ నిలుస్తుంది. బీచ్‌కు కూడా ఇదే లెక్క. పడమర వైపు ఎత్తైన కొండ గానీ, వరసగా పెద్ద భవనాలు గానీ ఉంటే మూడు గంటలకే ఇసుక మీద నీడ పరుచుకుని చల్లబడిపోతుంది.

బుక్ చేసే ముందు హోటల్‌కు మెయిల్ రాసి ఇవి అడగండి:

- మేం ఉండే రోజుల్లో గదిలో హీటర్ పనిచేస్తుందా, లేక భవనమంతటికీ ఒకేసారి ఫలానా తేదీన ఆన్ చేస్తారా?
- స్విమ్మింగ్ పూల్ తెరిచి ఉంటుందా, నీళ్లు వేడి చేస్తారా?
- బ్రేక్‌ఫాస్ట్, రిసెప్షన్, లిఫ్టు అన్నీ మామూలుగానే నడుస్తాయా?
- పక్కన గానీ, హోటల్‌లో గానీ రిపేర్లు ఏమైనా పెట్టుకున్నారా?

పూల్ సంగతి ప్రత్యేకంగా అడగమనడానికి కారణం ఉంది. వేడి చేయని పూల్ రాత్రి చలికి సముద్రం కంటే చాలా త్వరగా చల్లారిపోతుంది. ఫొటోలో నీలంగా మెరిసే ఆ పూల్‌లో అక్టోబరు పొద్దున దిగలేరు, పక్కనున్న సముద్రంలో మాత్రం హాయిగా దిగొచ్చు. ఇక రిపేర్లంటారా, హోటళ్లు డ్రిల్లింగ్ పనులన్నీ సీజన్ అయ్యాకే పెట్టుకుంటాయి. పొద్దున్నే ఆ మోత తప్పాలంటే అడగడమొక్కటే దారి.

డబ్బు వాపసిచ్చే బుకింగే తీసుకోండి. ఈ కాలంలో వాతావరణం వారం ముందు దాకా తేలదు.

4. మూతపడే వరసలో ముందున్నవి ముందు చూసేయండి

సాధారణంగా మొదట పోయేవి బీచ్ కుర్చీలు, గొడుగులు, లైఫ్‌గార్డులు. తర్వాత దీవులకు, పక్క ఊళ్లకు వెళ్లే పడవలు. ఆ తర్వాత బీచ్ రెస్టారెంట్లు, రాత్రి బస్సులు. మ్యూజియాలు మూయరు గానీ శీతాకాలపు వేళలకు మారి గంటో రెండు గంటలో ముందే తలుపులు వేసేస్తారు. సాన్ సెబాస్టియన్‌లో సాన్ తెల్మో మ్యూజియానికి సోమవారం సెలవు, నీస్‌లో చిత్రకారుడు మతీస్ పేరిట ఉన్న మ్యూజియానికి మంగళవారం. మిగతా చోట్ల కూడా సోమవారమో మంగళవారమో ఒకటి పోతుందనే అనుకుని వెళ్లండి.

పడవ ప్రయాణం మీ ట్రిప్పులో ముఖ్యమైతే దాన్ని మొదటి రోజుకో రెండో రోజుకో పెట్టుకోండి, చివరి రోజుకు వాయిదా వేయొద్దు. ఈ కాలంలో ఎండ కాస్తున్నా అలల వల్ల పడవ రద్దు కావచ్చు. మొదట్లో రద్దయితే మర్నాడు వెళ్లొచ్చు, చివర్లో రద్దయితే ఇక అంతే. వేళలు ట్రావెల్ సైట్లలో కాకుండా పడవ కంపెనీ సొంత సైట్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని రాసి ఉన్న టైమ్‌టేబుల్‌లోనే చూడండి.

5. బ్యాగులో

పల్చటి స్వెటర్, గాలిని ఆపే జాకెట్, స్విమ్‌సూట్లు రెండు, దోమల మందు. గొడుగు కంటే రెయిన్ జాకెట్ నయం, తీరం గాలికి గొడుగు నిలవదు. నీస్ లాంటి గులకరాళ్ల తీరానికైతే నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు తప్పనిసరి.

6. రోజును ఎలా సర్దుకోవాలి

వేసవిలో పొద్దున్నే ఈత, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి. ఇప్పుడు తిప్పెయ్యండి. పదకొండు నుంచి మూడు దాకా వచ్చే వెచ్చటి సమయాన్ని బీచ్‌కు కేటాయించి, పాత ఊరు, కొండ మెట్లు, కోటలు పొద్దున చూసుకోండి. వేసవిలో ఆయాసపడుతూ ఎక్కిన మెట్లే ఇప్పుడు సునాయాసంగా ఎక్కేస్తారు. నా మటుకు ఈ కాలంలో అసలు లాభం ఈ నడకే, ఈత కంటే ఎక్కువ.

నీళ్లలోంచి బయటికి వచ్చిన తర్వాత పది నిమిషాలు జాగ్రత్త. నీళ్లు 21 డిగ్రీలు, గాలి 18 డిగ్రీలు ఉండి, పైన గాలి వీస్తుంటే ఒళ్లు ఒక్కసారిగా వణికిపోతుంది. తువ్వాలు, పొడి బట్టలు ఒడ్డున చేతికందేలా పెట్టుకుని దిగండి. తడి స్విమ్‌సూట్ వెంటనే మార్చేయండి.

నీటి ఉష్ణోగ్రత నెల సగటు చూసి నమ్మకండి, ఆ రోజుదే చూడండి. తీరం నుంచి సముద్రం వైపు బలమైన గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు లోపలికి కొట్టుకుపోయి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ తీరంలో ఉత్తరం నుంచి వచ్చే మిస్త్రల్ అనే చలిగాలి వీచినప్పుడు ఒకట్రెండు రోజుల్లోనే నీళ్లు చాలా డిగ్రీలు పడిపోతాయి. గాలి ఆగాక రెండు మూడు రోజులకు మళ్లీ సర్దుకుంటుంది.

7. లైఫ్‌గార్డు లేని సముద్రం

ఇక్కడ దయచేసి నెమ్మదిగా చదవండి. సెప్టెంబరు దాటాక చాలా బీచ్‌లలో కాపలా ఉండదు, జెండా కూడా ఎగరదు. జెండా లేదంటే ప్రమాదం లేదని కాదు, చూసేవాళ్లు లేరని. జెండాలున్న చోట ఎరుపు ఉంటే దిగకండి. పసుపు ఉంటే ఒడ్డు దగ్గరే ఉండండి. ఎరుపు, పసుపు రెండూ కలిసిన జెండాల మధ్య ప్రాంతంలో లైఫ్‌గార్డు ఉన్నట్టు. ఊదా జెండా జెల్లీచేపల్లాంటి వాటికి హెచ్చరిక.

దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని గమనించండి. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక చోట నీళ్లు నిదానంగా, నల్లగా కనిపిస్తే అది ప్రశాంతమైన చోటనుకోవద్దు. లోపలికి లాగే రిప్ కరెంట్ ఉండేది తరచూ అక్కడే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ ఊపిరి కూడగట్టుకుని, చేయెత్తి సాయం కోసం పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది లాగుడు తగ్గాక బయటికి రండి. ఒంటరిగా దిగకండి, చీకటి పడ్డాక అసలే వద్దు.

అట్లాంటిక్ తీరంలో ఇంకో చిక్కు ఉంది. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో రేగిన తుఫాను అలలు రెండు మూడు రోజుల తర్వాత, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఇక్కడికి చేరతాయి. సాన్ సెబాస్టియన్‌లో కొండ చుట్టూ సాగే పాసియో న్వెవో దారి మీదికి అలలు ఎగిసిపడుతుంటే నగరపాలక సంస్థ దాన్ని మూసేస్తుంది. ఫొటో కోసం ఆ అడ్డుగోడలు దాటొద్దు. విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దగ్గర, అంటే సెప్టెంబరు 22, 23కు అటూ ఇటూ వచ్చే పౌర్ణమి, అమావాస్యలకు పోటు కూడా ఎక్కువ. ఫ్రాన్స్‌లోని సాన్ మాలోలో అలాంటప్పుడు పోటుకూ పాటుకూ తేడా 12 మీటర్లు దాటుతుంది. పాటు సమయంలో ఇసుక మీద నడిచి రాతి దీవి దాకా వెళ్లినవాళ్లు, తిరిగొచ్చే దారి మునగకముందే బయల్దేరాలి. ఆ రోజు పోటు వేళలు ఫోన్‌లో పెట్టుకోండి. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా స్వల్పం, అక్కడ ఈ బెంగ లేదు.

8. మధ్యధరాలో వానంటే వాన కాదు

వేసవంతా వేడెక్కిన సముద్రం మీదికి శరత్తులో ఉత్తరం నుంచి చల్లటి గాలి వస్తుంది. వెచ్చటి నీటి నుంచి లేచిన తేమ ఒక్కసారిగా మేఘాలై, తీరం వెనకున్న కొండలకు తగిలి, నెలల వాన కొన్ని గంటల్లో కురుస్తుంది. 2011 అక్టోబరు 25న ఇటలీలోని చింక్వే తెర్రె ఊళ్లు బురదలో కూరుకుపోయాయి. 2015 అక్టోబరు 3న ఫ్రాన్స్‌లోని కాన్ పరిసరాల్లో దాదాపు 20 మంది చనిపోయారు. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కారు తెచ్చుకుందామని అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోకి దిగినవాళ్లు కాన్ దగ్గరా, వాలెన్సియాలోనూ మృతుల్లో ఉన్నారు.

అందుకని రోజూ పొద్దున్నే ఆ దేశపు వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. ఐరోపాలో చాలా దేశాలవి మెటియోఅలారం సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి. పసుపు అయితే జాగ్రత్తగా ఉంటూ ప్లాన్ కాస్త మార్చుకోండి. నారింజ అయితే కొండదారులు, వాగుల పక్క నడకలు మానుకోండి. ఎరుపు అయితే హోటల్ పై అంతస్తులోనే ఉండండి. అద్దె కారు ఉంటే ఎండిపోయిన వాగు గర్భంలో పార్క్ చేయొద్దు. తీరంలో చాలా ఊళ్లలో వాటినే పార్కింగ్‌లా వాడేస్తుంటారు గానీ, అసలు అది నీళ్లు పారే దారి. నీళ్లు పారుతున్న రోడ్డు దాటకండి, మోకాలి లోతు కూడా లేని ప్రవాహం చిన్న కారును తేలగొట్టి ఈడ్చుకుపోగలదు. అత్యవసరమైతే 112. యూరోపియన్ యూనియన్ అంతటా, టర్కీలో, బ్రిటన్‌లో కూడా ఇదే నంబరు పనిచేస్తుంది.

మామూలు వాన పడితే వెళ్లడానికి ఒక చోటు ముందే అనుకుని ఉంచుకోండి. వర్నాలో పురావస్తు మ్యూజియం ఉంది, 1972లో అక్కడి శ్మశానవాటికలో బయటపడిన ఆరు వేల ఏళ్లకు పైబడిన బంగారం అందులో చూడొచ్చు. రిమినీలోనైతే పాత కోటలో సినీ దర్శకుడు ఫెలీనీ మ్యూజియం. ఏ రోజు వాన పడితే ఆ రోజు అటు వెళ్లేలా, ముందుగా ఫలానా తేదీకి టికెట్ తీసుకోకుండా ఉంచుకోండి. ఈ కాలంలో చాలా మ్యూజియాల్లో అప్పటికప్పుడు కౌంటర్‌లో టికెట్ దొరికిపోతుంది.

తిరుగు ప్రయాణం ముందురోజు ఎయిర్‌పోర్టు బస్సు వేళలు ఇంకోసారి చూసుకోండి. మీరు దిగిన రోజు నడిచిన వేసవి టైమ్‌టేబుల్ మధ్యలో మారిపోయి ఉండొచ్చు. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున విమానం ఉంటే, ఫోన్‌లో గడియారం దానంతటదే మారేలా సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని పడుకోండి.